హార్మోన్ ఉన్నా కబురు అందని కణాలు

పాఠకుల ప్రశ్నలు – వైద్యుని జవాబులు

మెడలో ఉండి రక్తంలోని కాల్షియాన్ని అదుపుచేసే పారాథైరాయిడ్ గ్రంథుల మీద ఈ శీర్షికలో మునుపు ఇచ్చిన ఒక చిన్న జవాబుకు వచ్చినన్ని ఉత్తరాలు మధుమేహం మీద రాసినప్పుడు కూడా రాలేదు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాను. ఇంటి సంగతులు రాసిన వారి పేర్లు తీసివేసి ఊరి పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్ళు. కిడ్నీలో రాళ్ళు రెండుసార్లు తీయించాం. ఈమధ్య రక్తంలో కాల్షియం 11.6 ఉందని బోధనాసుపత్రికి పంపారు. అక్కడ పీటీహెచ్ పరీక్ష చేసి, 24 గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు. అంతటితో ఆగక, పరిశోధన కోసమంటూ మరో ట్యూబు రక్తం అడిగి ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. రోగుల మీద ప్రయోగాలు చేస్తున్నారా? సంతకం పెట్టవచ్చా? (తెనాలి)

జవాబు: ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. పీటీహెచ్ పరీక్ష, రోజంతటి మూత్రం పరీక్ష పూర్తిగా మీ అమ్మగారి వైద్యానికి సంబంధించినవే. రక్తంలో కాల్షియం సాధారణంగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అది పెరిగినప్పుడు పారాథైరాయిడ్ గ్రంథులు కాల్షియాన్ని పెంచే తమ హార్మోను అయిన పీటీహెచ్‌ను తగ్గించుకోవాలి. కాల్షియం ఎక్కువగా ఉన్నా పీటీహెచ్ తగ్గలేదంటే నాలుగు గ్రంథుల్లో ఏదో ఒకటి గడ్డగా పెరిగి అదుపు తప్పిందని అనుమానిస్తాం. అయితే కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే కాల్షియం కాస్త ఎక్కువగా ఉంటుంది. కణాల మీద కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకం వాళ్ళలో మందకొడిగా పనిచేయడం వల్ల, ఒంట్లో కాల్షియం ఎక్కువైనా చాలలేదన్నట్టే గ్రంథులూ మూత్రపిండాలూ నడుచుకుంటాయి. మూత్రంలో పోయే కాల్షియం వాళ్ళలో చాలా తక్కువ. ఆ గ్రాహకాన్ని బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు 1993లో ఆవు పారాథైరాయిడ్ కణాల నుంచి పట్టుకున్నారు. ఇటువంటి వారికి మెడ మీద శస్త్రచికిత్స చేసినా కాల్షియం దిగదు. రాళ్ళు రెండుసార్లు వచ్చాయి కనుక మీ అమ్మగారి విషయంలో గడ్డ ఉండే అవకాశమే ఎక్కువ, అయినా కత్తి పట్టే ముందు మూత్రం లెక్క చూసుకోవడమే సరైన పద్ధతి.

ఇక రెండో ట్యూబు సంగతి. పరిశోధన అనగానే ఉలిక్కిపడటం సహజం, అందులో మా వైద్యుల తప్పు కూడా కొంత ఉంది. కాగితం చేతికిచ్చి, వేలితో గీత చూపించి, ‘ఇక్కడ పెట్టండమ్మా’ అనే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఆ సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆ పరిశోధనను ఎథిక్స్ కమిటీ ఆమోదించి ఉండాలి. మీరు కాదన్నా, ఇప్పుడు ఒప్పుకుని తరువాత మనసు మార్చుకున్నా వైద్యంలో తేడా రాకూడదు. కాబట్టి తెలుగు ప్రతి అడిగి తీసుకుని, రక్తాన్ని ఏ పరీక్షకు వాడతారో, ఎన్నాళ్ళు దాచిపెడతారో అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి. అదనంగా తీసేది ఒక ట్యూబు రక్తమే అయితే, నా తల్లి విషయంలో నేనైతే సంతకం పెట్టేవాడిని.

అలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే మీ అమ్మగారి జబ్బు చరిత్రలోకే వెళ్ళాలి. హార్వర్డ్ వైద్య విద్యార్థులు చదువుకునే మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1925లో నాలుగో వార్డు అనే పేరుతో పది మంచాల వార్డును పరిశోధన కోసమే తెరిచారు. అక్కడ రోగి తినబోయే ప్రతిదాన్నీ తూచేవారు, పళ్ళెంలో వదిలేసినదాన్నీ తూచేవారు, మలమూత్రాలు దాచి వాటిలో ఎంత కాల్షియం, ఎంత ఫాస్ఫరస్ పోయిందో కొట్టు లెక్కల్లా జమ, ఖర్చు వేసేవారు. చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్ ఆ ఆసుపత్రికి ఎముకలు మెత్తబడి, విరిగి, ఏడంగుళాల ఎత్తు తగ్గిపోయిన స్థితిలో వచ్చాడు. అతని జబ్బు పారాథైరాయిడ్‌దని 1926లో న్యూయార్క్ వైద్యుడు యూజీన్ డుబోయ్ గుర్తించాడు. కాని గడ్డ మాత్రం ఒక పట్టాన చిక్కలేదు. మెడ కోశారు, మళ్ళీ కోశారు, ఆరు ఆపరేషన్లు వృథా అయ్యాయి. 1932లో ఏడో ఆపరేషన్‌లో ఛాతీ తెరిచి చూస్తే గడ్డ అక్కడ ఉంది. పిండదశలో కింది పారాథైరాయిడ్లు థైమస్ గ్రంథితో కలిసి కిందికి దిగుతాయి. ఒక్కొక్కరిలో మెడ దగ్గర ఆగకుండా ఛాతీదాకా వెళ్ళిపోతాయి. గ్రంథాలయంలో శరీరనిర్మాణ శాస్త్రం చదివి, ఛాతీలో వెతకమని పట్టుబట్టింది రోగే అంటారు. ఆపరేషన్ జరిగిన ఆరు వారాలకు, మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి కోసం చేసిన మరో చికిత్స తరువాత, ఆ కెప్టెన్ చనిపోయాడు. ఈ రోజు మీ అమ్మగారికి ఆపరేషన్ అవసరమైతే ముందుగా సెస్టమిబి స్కాన్ తీసి, గడ్డ మెడలో ఉందో ఛాతీలో ఉందో చూసుకునే దిగుతారు.

ప్రశ్న: థైరాయిడ్, పారాథైరాయిడ్ ఒకటేనా? నేను రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర రెండింటికీ పనిచేస్తుందా? (హనుమకొండ)

జవాబు: ఒకటి కావు, మీ మాత్ర రెండోదానికి పనిచేయదు. థైరాయిడ్ వెనక అంటుకుని బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి, పక్కన ఉన్నందువల్ల ఆ పేరు వచ్చిందే తప్ప పనిలో పోలిక లేదు. వీటిని తొలిసారి గమనించింది మనిషిలో కాదు. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూసిన రిచర్డ్ ఓవెన్ 1850 ప్రాంతంలో వీటి గురించి చెప్పాడు. మనిషిలో ఉన్నాయని 1880లో చూపినవాడు స్వీడన్ వైద్య విద్యార్థి ఐవార్ సాండ్‌స్ట్రోమ్.

ప్రశ్న: మా ఊరి యల్లాప్రగడ సుబ్బారావుగారు కనిపెట్టిన పరీక్షతోనే ఎముకల జబ్బులు తేలుస్తారని మా మాస్టారు ఒకరు అంటుంటారు. నిజమేనా, లేక ఊరి మీద అభిమానంతో అన్న మాటా? (భీమవరం)

జవాబు: అభిమానం ఉంటే ఉండవచ్చు, మాటలో నిజం మాత్రం ఉంది. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావుగారు 1925లో ప్రకటించిన పద్ధతి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచేది. రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో విరగ్గొట్టి వడకట్టి, ఆ తేటలో మాలిబ్డేట్ కలిపి, దానికి మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత ముదురు. కొద్దిపాటి రక్తంతో, తక్కువ సమయంలో, నమ్మదగిన లెక్క వచ్చేది కనుక ఆ పద్ధతి లోకంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకింది. పారాథైరాయిడ్ జబ్బుల్లో కాల్షియం ఒక్కటే చూస్తే చాలదు. పీటీహెచ్ ఎక్కువైతే ఫాస్ఫరస్ మూత్రంలో కొట్టుకుపోయి రక్తంలో తగ్గుతుంది, పీటీహెచ్ పనిచేయకపోతే రక్తంలో పేరుకుంటుంది. ఆ రెండో అంకెను నికరంగా చెప్పిన పద్ధతి వారిది. ఈనాటి యంత్రాలు కొద్ది మార్పులతో మాలిబ్డేట్‌నే వాడుతున్నాయి.

మీ మాస్టారికి మరో ముచ్చట కూడా చెప్పండి. కండరాల రసంలో ఫాస్ఫరస్ కొలవబోతే నీలిరంగు ఎక్కవలసినంత త్వరగా ఎక్కలేదు, నెమ్మదిగా ముదిరింది. మరొకరైతే రసాయనం పాడైందని పారబోసి ఉండేవారేమో. ఆ ఆలస్యానికి కారణం వెతికినందువల్లే 1927లో కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో కండరాల నుంచి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరు చేశారు (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా వేరుగా కనుగొన్నాడు). ఈ ఏటీపీ మాట గుర్తుంచుకోండి, కింది జవాబులో మళ్ళీ వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. బడిలో ఫిట్స్ వచ్చి పడిపోయింది. కాల్షియం 6.2, ఫాస్ఫరస్ 7.8 ఉన్నాయి, పీటీహెచ్ మాత్రం 300 దాటింది. సూడోహైపోపారాథైరాయిడిజం అన్నారు. హార్మోన్ అంత ఉంటే కాల్షియం ఎందుకు పడిపోయింది? జన్యు పరీక్షలో లోపం నా నుంచి వచ్చిందని రాశారు. నేను పొట్టిగా ఉంటానే తప్ప ఏ జబ్బూ లేదు. అయినా మా అత్తగారు రోజూ నన్నే అంటున్నారు. (ఖమ్మం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరానికి కాస్త విస్తారంగా జవాబివ్వాలి, మీ అత్తగారికి కూడా చదివి వినిపించవచ్చు.

కాల్షియం అంతగా పడిపోయిన పిల్లల చేతికి బీపీ పట్టీ బిగించి కొద్ది నిమిషాలు ఉంచితే వేళ్ళు కొంకర్లుపోయి, ముగ్గు వేయడానికి పిండి పట్టుకున్న చెయ్యిలా ముడుచుకుంటాయి. మామూలుగా ఈ లక్షణం థైరాయిడ్ ఆపరేషన్‌లో పారాథైరాయిడ్లు దెబ్బతిన్న వారిలో చూస్తాం, వాళ్ళలో హార్మోనే ఉండదు. అటువంటి రోగికి పారాథైరాయిడ్ సారం ఇంజెక్షన్ చేస్తే మూత్రంలో ఫాస్ఫరస్ వెంటనే పెరుగుతుంది. ఇందాక చెప్పిన మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలోనే ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు, అచ్చం అదే లక్షణాలున్న కొందరికి ఆ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే ఏమీ జరగలేదు. మీ అమ్మాయికి ఉందన్న ఈ జబ్బులో లోపం హార్మోనులో లేదు, దాన్ని అందుకోవలసిన అవయవంలో ఉందని 1942లో ఆయన, సహచరులతో కలిసి ప్రకటించాడు. హార్మోనుకు శరీరం స్పందించకపోవడమే ఒక జబ్బు కావచ్చునని చూపిన తొలి ఉదాహరణ అదే. అప్పటికే ఆయన చేతులు పార్కిన్‌సన్ జబ్బుతో వణుకుతున్నాయి.

ఆ వ్యాసం పేరులో ఆయన ఒక కోడిపుంజును తెచ్చిపెట్టాడు. సెబ్రైట్ అనే పొట్టి ఇంగ్లీషు జాతిలో పుంజుకు కూడా పెట్ట ఈకలే ఉంటాయి. పుంజు హార్మోను ఉన్నా దాని ఈకలు ఆ హార్మోనుకు లొంగవు, మా రోగుల మూత్రపిండాలూ అంతే, అని ఆయన పోలిక. మెచ్చుకోదగిన పోలికే కాని, తప్పు. ఆ పుంజు చర్మంలోని ఒక ఎంజైము పుంజు హార్మోనును పెట్ట హార్మోనుగా మార్చేస్తోందని 1980 ప్రాంతంలో తేలింది. అంటే ఈకలు వినకపోవడం కాదు, ఇంకో మాట వింటున్నాయి. పుంజు విషయంలో పొరబడిన ఆల్‌బ్రైట్ మీ అమ్మాయి లాంటి పిల్లల విషయంలో పొరబడలేదు.

ఇక కణం లోపలికి వెళ్దాం. పీటీహెచ్ మూత్రపిండ కణంలోకి పోదు, గుమ్మం దగ్గరే ఆగుతుంది. కణపొర మీద దాన్ని అందుకునే గ్రాహకం ఉంది. గ్రాహకం తన పక్కనున్న జీఎస్ అనే ప్రోటీనును తడుతుంది, జీఎస్ వెళ్ళి ఒక ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది, అక్కడి నుంచి లోపలి పని నడుస్తుంది. ఆ సైక్లిక్ ఏఎంపీకి ముడిసరుకు పై జవాబులో భీమవరం పాఠకుడికి చెప్పిన ఏటీపీయే. సైక్లిక్ ఏఎంపీని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లోనూ, జీ ప్రోటీనులను కనుగొన్న గిల్‌మన్, రాడ్‌బెల్‌లకు 1994లోనూ నోబెల్ బహుమతులు వచ్చాయి. ఈ జబ్బున్నవారికి పీటీహెచ్ ఇస్తే మూత్రంలో సైక్లిక్ ఏఎంపీ పెరగడం లేదని 1969లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో చేజ్, మెల్సన్, ఆర్‌బాక్ చూపారు. కబురు గుమ్మం దాటడం లేదని అప్పుడు రూఢి అయింది. కాని పట్టించుకోనిది గ్రాహకమా, దాని వెనక ఉన్న జీఎసా?

దీన్ని తేల్చిన తీరు నాకు మహా ఇష్టం. పసిపిల్లల మూత్రపిండం ముక్క కోసి చూడటం ఎవరూ హర్షించని పని. జీఎస్ మాత్రం మూత్రపిండంలోనే కాదు, ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది, ఎర్ర రక్తకణంలో కూడా. జీఎస్ లేకుండా పుట్టుకొచ్చిన ఒక ఎలుక క్యాన్సర్ కణాల వంశం అప్పటికే ప్రయోగశాలల్లో పెరుగుతోంది. ఆ కణాల పొరలకు మామూలు మనిషి ఎర్ర కణాల నుంచి తీసిన సారం కలిపితే, తెగిపోయిన కబురు మళ్ళీ నడిచింది. ఈ పిల్లల ఎర్ర కణాల సారం కలిపితే సుమారు సగమే నడిచింది. 1980 నాటి ఆ ఫలితానికి కావలసి వచ్చింది చేతి నుంచి తీసిన కాసింత రక్తం. తెనాలి పాఠకురాలికి సంతకం పెట్టవచ్చని చెప్పినప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. జీనాస్ అనే జన్యువులో మార్పును 1990లో గుర్తించారు.

ఇప్పుడు మీ అత్తగారి మాట. జీనాస్ జన్యువు మనందరికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. చాలా కణాల్లో రెండూ పనిచేస్తాయి. మూత్రపిండంలో ఒక ముఖ్యమైన భాగంలోనూ, థైరాయిడ్ వంటి కొన్ని చోట్లా మాత్రం తండ్రి ఇచ్చినది దాదాపు మూగగా ఉండి, తల్లి ఇచ్చినదే మాట్లాడుతుంది. కాబట్టి లోపమున్న ప్రతి తల్లి నుంచి వస్తే మూత్రపిండం పీటీహెచ్ మాట వినదు. అదే లోపం తండ్రి నుంచి వస్తే కాల్షియం బాగానే ఉంటుంది, పొట్టితనం, పొట్టి వేళ్ళు మాత్రం రావచ్చు. మీ విషయంలో జరిగింది ఇదే అయి ఉండాలి: మీకు ఆ లోపం మీ నాన్నగారి వైపు ప్రతిలో ఉంది, ఆయన నుంచి వచ్చి ఉండవచ్చు, ఆయనలోనూ లేకుండా కొత్తగా పుట్టి ఉండవచ్చు. పిడికిలి బిగించి చూసుకోండి. నెలలకు ముప్పై రోజులా ముప్పై ఒకటా అని చిన్నప్పుడు లెక్కపెట్టుకున్న కణుపుల్లో ఉంగరపు వేలి దగ్గర గుబ్బకు బదులు గుంట కనిపిస్తే, మీ అమ్మాయి చేతిలోనూ అదే ఉంటే, నా అనుమానం బలపడుతుంది. ఏ ప్రతిని బిడ్డకు ఇవ్వాలో ఏ తల్లీ ఎంచుకోలేదు. మీరు రెండో బిడ్డను కనాలనుకుంటే ప్రతి కాన్పులోనూ సగం అవకాశం ఉంటుంది కనుక ముందుగా జన్యు సలహా తీసుకోండి.

వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది. మూత్రపిండం తయారుచేయలేకపోతున్న చురుకైన విటమిన్ డి‌ని మాత్రగా, దానితో కాల్షియాన్ని ఇస్తారు. మోతాదు రక్తపరీక్షలను బట్టి మారుతుంది, సొంతంగా మార్చవద్దు. థైరాయిడ్ కూడా ఇదే కారణంగా మందగించవచ్చు, టీఎస్‌హెచ్ చూశారో లేదో అడగండి.

ఒక పక్కమాట. ఆల్‌బ్రైట్ 1937లోనే మరో జబ్బును వర్ణించాడు: ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, పెళుసెముకలు, ఆడపిల్లలు పసితనంలోనే రజస్వల కావడం. ఆ రెంటికీ సంబంధం ఉందని ఆయనకు తెలిసే వీలు లేదు. 1991లో చూస్తే అది కూడా జీఎస్ జబ్బే, కాకపోతే తిరగేసి: మీ అమ్మాయిలో జీఎస్ చాలడం లేదు, ఆ పిల్లల్లో కొన్ని కణాల్లో జీఎస్ ఎవరూ తట్టకపోయినా ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది.

ప్రశ్న: పీటీహెచ్ ఎముకలను కరిగిస్తుందని మునుపు రాశారు. మా అత్తయ్యకు ఎముకలు గట్టిపడాలని ఇక్కడి డాక్టరు రాసిన టెరిపారటైడ్ కూడా పీటీహెచ్చేనట. ఏది నమ్మాలి? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: రెండూ నిజమే. హార్మోను రాత్రింబవళ్ళు ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. రోజుకొకసారి కొద్దిగా ఇస్తే, అది కాసేపు ఉండి పోతుంది కనుక, ఎముకను కట్టే కణాలు పుంజుకుంటాయి. ఎలుకలకు పారాథైరాయిడ్ సారం ఇస్తే ఎముక పెరగడాన్ని ఆబ్, బావర్, ఆల్‌బ్రైట్‌ల బృందం 1929లోనే రాసిపెట్టింది, డెబ్బై ఏళ్ళకు పైగా అది ఎవరికీ మందుగా అక్కరకు రాలేదు. 84 అమైనో ఆమ్లాల పీటీహెచ్‌లో మొదటి 34 ఉండే టెరిపారటైడ్‌కు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. సాధారణంగా రెండేళ్ళకు మించి వాడరు. ఎముకకు రేడియేషన్ తీసుకున్నవారికీ, కాల్షియం ఎక్కువగా ఉన్నవారికీ ఇవ్వరు.

ప్రశ్న: 24 గంటల మూత్రం రెండుసార్లు పట్టి ఇచ్చాను. రెండుసార్లూ సరిగా లేదని తిప్పి పంపారు. తప్పు ఎక్కడ? (ఒంగోలు)

జవాబు: చాలామంది తప్పు మొదటి గంటలోనే జరుగుతుంది. ఉదయం ఆరింటికి మొదలుపెడితే, ఆరింటికి పోసిన మూత్రాన్ని పారబోయాలి, అది రాత్రిది. అక్కడి నుంచి పగలూ రాత్రీ పోసినదంతా, విరేచనానికి వెళ్ళినప్పుడు పోసినది కూడా, డబ్బాలో పడాలి. మర్నాడు సరిగ్గా ఆరింటికి రాకపోయినా పోసి, దాన్ని కలిపి ముగించాలి. కాల్షియం కోసమైతే డబ్బాలో ముందే కాస్త ఆమ్లం పోసి ఇస్తారు. దాన్ని నీళ్ళనుకుని కడిగేయకండి, నేరుగా అందులోకి పోసి ఒళ్ళు కాల్చుకోకండి, వేరే మగ్గులో పట్టి ఒలకకుండా పోయండి.

నేను పీజీ చదువుతున్న రోజుల్లో ఒక రోగికి మూడు రోజులు వరుసగా తూచి పెట్టిన భోజనం తినిపించి, వార్డు మూల మంచం కింద డబ్బాలు దాచాను. మూడో రోజు తెల్లవారుజామున వార్డు ఊడ్చే ఆవిడ వాసన వస్తోందని అన్నిటినీ శుభ్రంగా పారబోసి, కడిగి, బోర్లించి పెట్టింది. ఆవిడ తప్పేమీ లేదు. డబ్బాల మీద నేను అతికించిన చీటీ ఇంగ్లీషులో ఉంది. నాలుగో రోజు నుంచి ఎర్ర రంగుతో ‘పారబోయవద్దు’ అని తెలుగులో రాశాను. మీ ఇంట్లో కూడా డబ్బా మీద మొదలుపెట్టిన వేళతో పాటు ఆ మాట రాసి అతికించండి.